కాపీ కొట్టిన రికార్డుతో కుటుంబం అర్థం కాదు

హోమ్ సైన్స్ అనగానే మన వైపు ఇప్పటికీ వంటా, కుట్టుపనే గుర్తొస్తాయి. అందులో మానవ వికాసం, కుటుంబ అధ్యయనం అనే శాఖ ఒకటి ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బిడ్డ కడుపులో పడినప్పటి నుంచి ముసలితనంలో మంచాన పడేదాకా మనిషి ఎట్లా మారతాడు, ఆ మార్పుల బరువును ఇల్లు ఎట్లా మోస్తుంది అన్నది దాని విషయం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారింది. గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం కాలేజీలో అది నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, ఎస్వీ యూనివర్సిటీలోనూ హోమ్ సైన్స్ శాఖలున్నాయి. నెల్లూరు పిల్లలకు తిరుపతి దగ్గర, ఒంగోలు పిల్లలకు గుంటూరు దగ్గర.

ఈ చదువు గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పిల్లల ఆలోచన ఎదిగే తీరు మీద పియాజే చెప్పిన దశలు, జీవితమంతా మనసు ఎదిగే తీరు మీద ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది సంఘర్షణలు ఎక్కడైనా చదువుకోవచ్చు, ఫోన్లోనూ దొరుకుతాయి. బిడ్డను సరిగ్గా కొలవడం, సరిగ్గా చూడడం, ఇంటివాళ్ళను సరిగ్గా అడగడం మాత్రం చేతులతో చేస్తేనే వస్తాయి. అవన్నీ ప్రాక్టికల్ రికార్డులో ఉంటాయి. ఆ రికార్డే సీనియర్ల దగ్గర నుంచి జూనియర్లకు చేతులు మారి, అవే అంకెలతో, అదే బిడ్డ పేరు మార్చుకుని ఏటేటా దిద్దబడుతోంది. థియరీలో తొంభై మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి రెండేళ్ళ బిడ్డ పొడుగు కొలవడం రాకపోతే ఆ డిగ్రీకి అర్థమేముంది?

కొలతతోనే మొదలుపెడదాం, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే.

అన్నిటికంటే ముందు వయసు. బరువు తప్పు పడితే కాటా తప్పంటాం, వయసు తప్పు పడితే ఎవరూ గమనించరు. లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 24 నెలల మగబిడ్డ నడిమి బరువు 12.2 కిలోలు, తక్కువ బరువుకు గీత 9.7 కిలోలు. 20 నెలలకైతే ఆ గీత 9.1 కిలోలు. 9.3 కిలోలున్న బిడ్డకు 20 నెలలని రాస్తే మామూలు బిడ్డ, 24 నెలలని రాస్తే తక్కువ బరువు బిడ్డ. కాటా ఏ తప్పూ చెయ్యలేదు, నాలుగు నెలలు రాసినవాళ్ళు చేశారు. అందుకే పుట్టిన సర్టిఫికెట్టో, తల్లీబిడ్డల కార్డో చూపించమని అడగాలి. ఆధార్‌లో జనవరి ఒకటో తేదీ అని ఉంటే ఆ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఏ కాగితమూ లేకపోతే ఊరి సంఘటనల క్యాలెండరు తయారు చేసుకోవాలి: సంక్రాంతి, ఉగాది, తుఫాను, ఎన్నికలు, పొగాకు వేలం మొదలైన వారం. నెల్లూరులో తల్లులు రొట్టెల పండగను గుర్తుగా చెబుతారు. అక్కడ జాగ్రత్త అవసరం. ఆ పండగ మొహర్రంలో వస్తుంది, మన క్యాలెండరులో ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మూడేళ్ళ కిందటి పండగను ఈ ఏటి తేదీతో లెక్కేస్తే నెల రోజులు పైగా తేడా వస్తుంది. పంచాంగం చూసి ఏ ఏటి తేదీ ఆ ఏటికి రాసుకోవాలి.

తర్వాత బరువు. అంగన్‌వాడీల్లో వేలాడే స్ప్రింగు కాటా 25 కిలోలది, గీతకూ గీతకూ 100 గ్రాములు. దూలానికి కట్టినప్పుడు ముల్లు మన కంటి ఎత్తున ఉండాలి. కింద నుంచి చూస్తే ఒక గీత తేడాగా కనిపిస్తుంది. బిడ్డను కూర్చోబెట్టి వేలాడదీసే నిక్కరును ఖాళీగా తగిలించాకే సున్నాకు తిప్పాలి. ముందే తిప్పి తర్వాత నిక్కరు తగిలిస్తే దాని బరువు బిడ్డ ఖాతాలో పడుతుంది. స్ప్రింగు వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి తెలిసిన బరువు ఏదైనా, ఐదు కిలోల తూకపురాయి అయినా సరే, వారానికోసారి తగిలించి చూడాలి. బిడ్డ కాళ్ళు తన్నుతున్నప్పుడు ఊగే ముల్లుకు మధ్య అంకె ఊహించి రాయడం మన రికార్డుల్లో మామూలు. ఏడుపు ఆగేదాకా తల్లి చేతికిచ్చి మళ్ళీ తగిలించాల్సిందే.

పొడుగులో ఒక నియమం ఉంది, పరీక్షలో అందరూ రాస్తారు, ఇంటి దగ్గర మరిచిపోతారు. రెండేళ్ళ లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్ళు దాటితే నిలబెట్టి. పడుకున్నప్పుడు బిడ్డ సగటున 0.7 సెంటీమీటరు పొడుగు తేలుతుంది. అందుకని రెండేళ్ళ లోపు బిడ్డ పడుకోనని మొరాయిస్తే నిలబెట్టి కొలిచి 0.7 కలపాలి. పెద్దబిడ్డను పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసెయ్యాలి. పడుకోబెట్టే బల్లకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తలను పైపలకకు ఆనించి పట్టుకుంటారు, ఇంకొకరు మోకాళ్ళు నొక్కి పాదాలకు పలక జరుపుతారు. ఒక్కరే చేస్తే మోకాళ్ళు ముడుచుకుంటాయి, సెంటీమీటరు పైగా పోతుంది. నిలబెట్టినప్పుడు మడమలు, పిరుదులు, భుజాల ఎముకలు, తల వెనుక భాగం గోడకు ఆనాలి. చూపు తిన్నగా ముందుకు ఉండాలి. ఆడపిల్లలకు నడినెత్తిన పిలక, దాని మీద రిబ్బను పువ్వు ఉంటుంది. తల్లిని అడిగి విప్పించాలి. జడ విప్పమంటే కొందరు ఒప్పుకోరు, అప్పుడు ఆ సంగతి రికార్డులో రాయాలి, అంకెను మాత్రం సర్దకూడదు.

జబ్బ కొలతకు ఎడమ చెయ్యి. ముందు మోచెయ్యి వంచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ నడిమధ్య గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి వదులుగా వేలాడదీసి ఆ గుర్తు మీద టేపు చుట్టాలి. ఆరు నెలల నుంచి 59 నెలల దాకా ఒకటే గీతలు: 11.5 సెంటీమీటర్ల లోపు తీవ్రమైన పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు ఒక మోస్తరు. టేపు బిగించి లాగితే మామూలు బిడ్డ కూడా టేపు మీద తీవ్ర లోపాన్ని చూపే ఎర్రరంగులో పడతాడు. కండ నొక్కుకోకుండా, కాగితం దూరనంత దగ్గరగా చుట్టాలి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రమాణం. ఎముకలకు ఫ్లోరోసిస్ ఎక్కి కాళ్ళు వంకరపోయిన పిల్లవాడి పొడుగు తగ్గి కనిపిస్తుంది. దాన్ని తిండి తక్కువైన గిడసబారుతనం కింద లెక్క కడితే కారణమే మారిపోతుంది. అట్లాంటి పిల్లలకు కూర్చున్న ఎత్తు కూడా కొలిచి, పళ్ళ మీద మచ్చలు, ఇంటి నీరు ఎక్కడిదో పక్కనే రాసుకోవాలి.

ఇక చూడడం. చూడడానికేముంది, కళ్ళుంటే చాలనుకుంటారు. ఇరవైమంది పిల్లకాయలున్న అంగన్‌వాడీలో ఒక గంట కూర్చుని తెచ్చిన రాతల్లో సాధారణంగా ఏముంటుందంటే, ‘బిడ్డ చురుగ్గా ఉన్నాడు, అందరితో కలిసిపోయాడు, సంతోషంగా ఆడాడు’. ఈ మూడింటిలో ఒక్కటీ చూసింది కాదు, మూడూ తీర్పులు. ‘ఎర్రచొక్కా పిల్లవాడు దిమ్మెలు నాలుగు పేర్చాడు, ఐదోది పడిపోయింది, పక్క పిల్ల వైపు చూసి నవ్వాడు, ఆమె చూడలేదు’ అన్నది చూసింది. తీర్పు రాస్తే తర్వాత దాన్ని సరిచూసే దారి లేదు. జరిగింది రాస్తే వేరే మనిషి చదివి వేరే అర్థం తీయొచ్చు, అప్పుడే దాన్ని శాస్త్రం అనగలం.

మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో పిల్లల ఆటను ఆరు రకాలుగా విడగొట్టింది: ఏ పనీ లేకుండా ఉండడం, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, కలిసి ఆడడం, పనులు పంచుకుని ఒక లక్ష్యంతో ఆడడం. ఆమె ఒక్కో బిడ్డను ఒక నిమిషం చూసి గుర్తు పెట్టుకునేది. మన విద్యార్థులు ఇట్లా చేస్తే సరిపోతుంది: పదిమంది పిల్లల పేర్లు ముందే వరసగా రాసుకోవాలి, ఒక్కొక్కరికి నిమిషం, వరస తప్పకూడదు. గోల చేసే బిడ్డ మీదకే కన్ను పోతుంది, మూలన కూర్చున్న బిడ్డ ఎవరికీ కనపడడు. వరస పెట్టుకునేది ఆ మూలనున్న బిడ్డ కోసమే. మొదటి రెండు రోజుల రాతలు లెక్కలో వెయ్యకూడదు. ఆ రెండు రోజులు పిల్లలు ‘అక్కా, ఫోటో తియ్యి’ అంటూ చుట్టూ మూగుతారు, టీచరమ్మ మామూలు కంటే ఎక్కువ పాటలు పాడిస్తుంది. మూడో రోజుకు ఇద్దరికీ మనం అలవాటవుతాం.

ఒకరు చూసింది ఒక్కరికే తెలుసు కాబట్టి ఇద్దరు కూర్చుని ఒకే బిడ్డను ఒకే సమయంలో చూడాలి. 30 నిమిషాల గుర్తుల్లో 24 కలిస్తే 80 శాతం ఒప్పుదల. బాగుందనిపిస్తుంది. పిల్లలు సగం సేపు ఒకటే రకం ఆట ఆడుతుంటే గుడ్డిగా పెట్టినా చాలా గుర్తులు కలుస్తాయి. ఊరికే కలిసే వాటా 50 శాతం అనుకుంటే, కోహెన్ కప్పా లెక్కలో 0.80 లోంచి 0.50 తీసేసి, ఒకటిలోంచి 0.50 పోగా మిగిలిన 0.50 తో భాగించాలి, 0.60 వస్తుంది. 80 శాతం అన్నప్పుడు ఉన్న ధీమా ఇప్పుడు ఉండదు. ఇద్దరూ కూర్చుని ఎక్కడ వేరుపడ్డారో మాట్లాడుకుంటే, దాదాపు ఎప్పుడూ పక్కపక్క ఆటకూ కలిసి ఆడే ఆటకూ మధ్యనే పేచీ ఉంటుంది. అప్పుడు నిర్వచనాన్ని ఒక వాక్యం పెంచి రాసుకోవాలి: బొమ్మ చేతులు మారితే కలిసి ఆడినట్టు, మారకపోతే పక్కపక్క ఆట. ఈ పేచీ తీర్చుకోవడంలోనే చదువంతా ఉందని నేననుకుంటాను.

సిద్ధాంతాలు వద్దని కాదు. ఆ సిద్ధాంతాన్ని తెచ్చి ఇక్కడి ఇంటి ముందు నిలబెట్టాలి. బిడ్డ చుట్టూ ఇల్లు, ఊరు, సమాజం ఒకదాని చుట్టూ ఒకటిగా ఉంటాయని చూపే బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ వలయాలు గీయమంటే ప్రతి రికార్డులోనూ మూడో వలయంలో ‘తండ్రి ఆఫీసు’ అని ఉంటుంది. బిడ్డ ఎన్నడూ అడుగు పెట్టని చోటు బిడ్డ బతుకును మార్చడం ఆ వలయం సంగతి. కందుకూరు పక్క పల్లెలో ఆ చోటు పొగాకు వేలం కేంద్రం: అక్కడ పలికిన ధరను బట్టే బిడ్డ స్కూలు ఫీజు కట్టడమా, అక్కను చదువు మానిపించడమా అన్నది తేలుతుంది. నెల్లూరు తీరాన అది రొయ్యల చెరువు. చట్టాలూ ఆచారాలూ ఉండే ఆ పైవలయానికి నెల్లూరు జిల్లా దూబగుంట కంటే మంచి ఉదాహరణ ఏ దేశపు పుస్తకంలోనూ దొరకదు. 1992లో అక్కడి అక్షరాస్యతా తరగతుల్లో ఆడవాళ్ళు తమ ఇళ్ళలో సారా చేస్తున్న నష్టాన్ని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, సారా అంగడి మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇంట్లో మొగుడూపెళ్ళాల తగువు చట్టంగా మారిన దారి అది. ఆ దారి గీయగలిగిన విద్యార్థికి వలయాలు మళ్ళీ బట్టీ పట్టే పని ఉండదు.

మేరీ ఐన్స్‌వర్త్ పేరు చెబితే అందరికీ తల్లి గదిలోంచి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఎట్లా ఉంటుందో చూసే ‘అపరిచిత పరిస్థితి’ ప్రయోగం గుర్తొస్తుంది, ఎనిమిది ఘట్టాలు, ఒక్కోటి సుమారు మూడు నిమిషాలు. ఆమె ఆ పని మొదలుపెట్టింది ప్రయోగశాలలో కాదు, ఉగాండా పల్లెల్లో ఇళ్ళకు వెళ్ళి తల్లీబిడ్డలను చూస్తూ. మన యానాది కాలనీలో బిడ్డ పొద్దున నుంచి నలుగురి చంకల్లో తిరుగుతుంది. తల్లి గదిలోంచి వెళ్తే ఏడవని బిడ్డను చూసి ‘అనుబంధం సరిగా లేదు’ అని రాసేస్తే అది పరీక్షకున్న హద్దు తెలియకపోవడమే. ఇంటి వాతావరణాన్ని కొలిచే హోమ్ ఇన్వెంటరీ పసిపిల్లల రూపంలో 45 అంశాలుంటాయి, ఆట వస్తువుల గురించీ అడుగుతుంది. కొన్న బొమ్మలే లెక్కేస్తే తీరప్రాంతపు ఇల్లు సున్నా. తాటికాయల బండి, గవ్వలు, చింతగింజలు, వామనగుంటల పీట లెక్కేస్తే అది సున్నా కాదు. మార్కు మార్చమని నేననడం లేదు. అసలు అంశం ప్రకారం ఒక మార్కు, ఇక్కడి వస్తువులతో ఒక మార్కు, రెండూ విడివిడిగా రాయమంటున్నాను. కలిపేస్తే వేరే చోటి ఇళ్ళతో పోల్చడానికి పనికిరాదు.

కుటుంబ వృక్షం దగ్గర మేనరికం గురించి మాట్లాడక తప్పదు. చతురస్రం మగవాళ్ళకు, వృత్తం ఆడవాళ్ళకు, దగ్గరి సంబంధానికి జంట గీత. మూడు తరాలు గీయాలి, పై తరం ముసలి దంపతుల నుంచి మొదలుపెట్టాలి. కింద నుంచి మొదలుపెడితే మేనరికం వచ్చిన చోట గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చిక్కుపడతాయి. అక్క కూతుర్ని మేనమామకు ఇచ్చిన పెళ్ళిలో గీత ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏటవాలుగా వస్తుంది, దాన్ని సమం చెయ్యాలని చూడొద్దు. మేనమామ సంబంధంలో పుట్టిన బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1, మేనబావ సంబంధంలో 16లో 1. ఇద్దరికీ ఉమ్మడి అయిన ఒక పెద్దకు అంతర్గత లోపం (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడే జన్యు లోపం) ఒక ప్రతిలో ఉంటే, అది బిడ్డలో బయటపడే అవకాశం మొదటి సంబంధంలో 32లో 1, రెండో దానిలో 64లో 1. ఈ అంకెలు విద్యార్థికి తెలియాలి. వినికిడి లేని బిడ్డను ఎత్తుకున్న తల్లి ముందు మాత్రం అనకూడదు. ‘దగ్గర సంబంధం వల్లే’ అన్న ఒక్క మాటకు ఆ ఇంట్లో తప్పంతా కోడలి మీద పడుతుంది. జన్యు సలహా ఇవ్వడం మన అర్హత కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు పరీక్షలుంటాయి. బిడ్డను జిల్లా కేంద్రంలోని సత్వర గుర్తింపు కేంద్రానికి పంపించి, వెళ్ళారో లేదో కనుక్కోవడం వరకే మన పని.

ఇంటికి వెళ్ళే వేళ కూడా ఫలితాన్ని మారుస్తుంది. వరి నాట్లప్పుడు పొద్దున పదింటికి వెళ్తే పెన్న డెల్టా పల్లెలో ఇంట్లో నాయనమ్మే ఉంటుంది. జవాబులన్నీ ఆమెవి, కాగితం మీద మాత్రం ‘తల్లి చెప్పింది’ అని పడుతుంది. జవాబు ఎవరిదో ప్రతి ప్రశ్న పక్కనా రాయాలి. ‘బిడ్డను బాగా చూసుకుంటారా’ అనే ప్రశ్నకు లోకంలో ఒకటే జవాబు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడు’ అని గంట గంటకూ అడిగితే నిజం వస్తుంది. మెట్ట ప్రాంతం నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వైపు, కట్టుబడి పనికి హైదరాబాదు, బెంగుళూరు వలసపోయిన నెలల్లో ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లలే మిగులుతారు. ఆ నెలలో చేసిన సర్వేకూ, పనులయ్యి అందరూ తిరిగొచ్చాక చేసిన సర్వేకూ అంకెలు కలవవు. నెల రాయని సర్వే పనికిరాదు.

ఆ ముసలివాళ్ళు కూడా ఈ శాఖలో భాగమే, సిలబస్‌లో చివరి యూనిట్‌గా తోసేస్తారు కానీ. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు పదివేలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాసి ఉంటే కేసు నిలుస్తుంది, నోటిమాటగా ఉంటే చాలా కష్టం.

ఇంకొకటి, ఇళ్ళకు పంపేముందే విద్యార్థులకు చెప్పి తీరాలి. పిల్లలు తమకు జరిగిన లైంగిక హింస గురించి మనకు చెబితే ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజెయ్యడం తప్పనిసరి, దాచితే ఆరు నెలల దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి రికార్డు అట్ట మీదా ఉండాలి.

ఉద్యోగాల గురించి రెండు మాటలు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరు, సీడీపీవో (ప్రాజెక్టు అధికారి) పోస్టుల నోటిఫికేషన్లలో హోమ్ సైన్స్ డిగ్రీ ఉంటుంది. కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో హోమ్ సైన్స్ పేపరు కోడు 12. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచరు కావాలంటే ఈ డిగ్రీ చాలదు, పునరావాస మండలి గుర్తింపున్న కోర్సు వేరే చేసి నమోదు చేసుకోవాలి. ఆ సంగతి మూడో సంవత్సరంలో తెలిసి బాధపడేకంటే చేరేముందే తెలుసుకోవడం మేలు.

కాపీ ఎట్లా ఆపాలంటే పరీక్ష పద్ధతి మారాలి. రికార్డు అందాన్ని చూసి మార్కులు వేసేటప్పుడు కనీసం పొడుగుల చివరి అంకెలు లెక్కపెట్టండి. యాభైమందిని నిజంగా మిల్లీమీటరు దాకా కొలిస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే సుమారు ఐదేసి సార్లు రావాలి. సున్నాలూ ఐదులే నిండి ఉంటే కొలవనైనా లేదు, కొలిచి సర్దనైనా సర్దారు. ప్రాక్టికల్ పరీక్షను కాలేజీ గదిలో కాకుండా దగ్గరి అంగన్‌వాడీలో పెట్టండి. విద్యార్థి పదిమంది పిల్లలను కొలవాలి, గంట తర్వాత మొదటి అంకెలు చూడకుండా మళ్ళీ కొలవాలి. ఒక్కో బిడ్డ తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, పదిమందికి రెండేసి కొలతలు కాబట్టి 20తో భాగించి, వర్గమూలం తీయాలి. కూడిక 0.8 వస్తే దోషం 0.2 సెంటీమీటరు, మంచి చెయ్యి. 5 దాటితే దోషం అర సెంటీమీటరు, ఆ విద్యార్థి మళ్ళీ నేర్చుకుని రావాలి. ఇద్దరు విద్యార్థులకు ఒక పడుకోబెట్టే బల్ల, ఒక నిలువు కొలబద్ద, ఒక పూట సమయం చాలు. టీచరమ్మతో ముందురోజే మాట్లాడి, పిల్లలు అన్నం తినకముందే మొదలుపెట్టుకోవాలి.